మా చెల్లి వేసిన మేనమామ

మా చెల్లి డ్రాయింగులో ఎన్ని పరీక్షలు పాసైనా ఆమెకు మగవాడి ముఖం ఒక్కటే వేయడం వచ్చు. అది మా తమ్ముడి ముఖం. రాజును వేసినా అదే, రైతును వేసినా అదే, బస్సు కండక్టరును వేసినా అదే. గుండ్రటి బుగ్గలు, పలచటి కనుబొమ్మలు, కొసలు కిందికి దిగిన ఒత్తు మీసం. చిన్నప్పుడు ఆమె ముందు కదలకుండా కూర్చునే ఓపిక ఇంట్లో వాడికి ఒక్కడికే ఉండేది. నేనైతే కాసేపు కూర్చుని విసుక్కుని లేచిపోయేదాన్ని. వాడు అన్నం చల్లారిపోతున్నా కూర్చునేవాడు. "ముక్కు మంచిగ దియ్యే, సంబంధాలకు ఫోటో బదులు గిదే పంపుదాం" అని ఆటపట్టించేవాడు. మా నాన్న ఆమెకు ఊహ తెలియకముందే పోయాడు. ఆయన ముఖం ఆమెకు గుర్తు లేదు. అందుకని మగవాడంటే ఆమె చేతికి తమ్ముడే వచ్చాడు.

ముగ్గురిలో నేను పెద్దదాన్ని. సూర్యాపేటలో సర్కారు బడిలో తెలుగు చెబుతాను. తమ్ముడు మిర్యాలగూడలో రైసుమిల్లులో లారీలు నింపించే పని చూసుకుంటాడు. చెల్లి కోదాడలో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచరు. పెళ్ళి వద్దనుకుంది, మేమూ అడిగీ అడిగీ మానేశాం. అక్కడ ఉండీ ఉండీ ఆమె మాట కొంచెం ఆంధ్రా వైపు తిరిగింది. "వస్తున్నావా అన్నయ్యా" అని ఫోన్లో అంటే వీడు "ఎవరండీ మాట్లాడేది, రాంగ్ నంబరండీ" అని పెట్టేసేవాడు. మళ్ళీ వాడే చేసేవాడు. వాళ్ళిద్దరి మధ్య నేనెప్పుడూ మూడో మనిషినే. నాకు దానికి కొంచెం కుళ్ళు కూడా ఉండేది.

మా వైపు వరస అనే మాటకు ఉన్న బలం బయటివాళ్ళకు చెబితే అర్థం కాదు. మేనమామ వరసో బావ వరసో అయితే చాలు, ఆడపిల్లను ఏమైనా అనొచ్చు. జడ లాగొచ్చు, బుగ్గ గిల్లొచ్చు, "ఇది నా పెండ్లామే" అని నలుగురిలో పట్టుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చు. పిల్ల ఏడుపు మొహం పెడితే అందరం ఇంకా నవ్వుతాం. నన్నూ చూసి నవ్వారు, నేనూ నవ్వాను. ఇందులో చాలామటుకు ఉత్త ప్రేమే. మా తమ్ముడు వచ్చాడంటే నా కూతురు గేటు దగ్గరే వాడి వీపెక్కేది. వాడు చెప్పులు విడవకుండానే వాకిలంతా తిప్పేవాడు. కానీ వరస మాటున జరిగేదంతా ప్రేమే అనుకోవడం మన అమాయకత్వం. అమాయకత్వమని మర్యాదగా అంటున్నాను, ఇంకో మాట నోటిదాకా వస్తోంది.

చెల్లి వేసిన బొమ్మల పుస్తకం దీని గురించే. పట్టుమని పాతిక పేజీలు లేవు. ఆడపిల్లల కోసం పనిచేసే నలుగురైదుగురు టీచర్లు కలిసి కోదాడలోనే అచ్చు వేయించారు. "వరసే గదా" అని పేరు. ఒక పెళ్ళింట్లో మామ వరస మనిషి ఒక పిల్ల బుగ్గ గిల్లుతాడు, అందరూ నవ్వుతారు. ఒళ్ళోకి లాక్కుంటాడు, నవ్వుతారు. పిల్ల వద్దంటుంది, ఇంకా నవ్వుతారు. ఆ తర్వాత నాలుగు పేజీల్లో మాటలు లేవు. ఖాళీ గది, మూసిన తలుపు, గోడకు ఆనుకుని కూర్చున్న పిల్ల, అంతే. చివరికి పిల్ల తల్లి చెవిలో ఏదో చెబుతుంది. నవ్వుతున్న తల్లి నవ్వడం మానేస్తుంది. అక్కడితో కథ అయిపోతుంది. ఆ బొమ్మలోని మామకు గుండ్రటి బుగ్గలు, పలచటి కనుబొమ్మలు, కొసలు కిందికి దిగిన మీసం. అచ్చయి వచ్చాక కూడా ఆమెకు తట్టలేదు. నాకూ తట్టలేదు. ఏళ్ళ తరబడి ఆమె బొమ్మల్లో ఆ ముఖం చూసి చూసి మాకు అది ముఖంలా కనిపించడం మానేసింది.

పుస్తకం పంచిన కొన్నాళ్ళకు ఒక పిల్ల క్లాసయ్యాక అందరూ వెళ్ళేదాకా ఆగి, ఆ పుస్తకం తెచ్చి చెల్లి ముందు పెట్టింది. మాటలు లేని పేజీల్లో ఒకటి తీసి, వేలు పెట్టి చూపించి, నిలబడింది. ఎవరు, ఏ వరస అన్నది నేను మార్చి కూడా రాయను. దగ్గరివాడు, ఇంట్లో తిరిగేవాడు, అంతవరకు చాలు. చెల్లి ఆ పిల్ల తల్లిని పిలిపించి చెప్పింది. ఆ తర్వాత ముగ్గురూ సూర్యాపేట వచ్చారు. పిల్లల విషయాలు చూసే ఆఫీసుకు నేనే వెంట వెళ్ళాను. జరగాల్సింది గుట్టుగా జరిగింది. వాడు మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

ఆ రోజు ఆ తల్లి మా ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. వెళ్ళేముందు మా ఇద్దరి చేతులూ పట్టుకుని, "మేడమ్, నా బిడ్డ సంగతి మీ ఇద్దరి దగ్గరే ఉండాలి. ఇంకో చెవిన పడితే దాన్ని బతకనియ్యరు. మాటియ్యండి" అంది. నా కూతురు అప్పుడే బడి నుంచి వచ్చింది. ఆ తల్లి ఊరికే మాటిస్తే నమ్మేలా లేదు. మేమిద్దరం నా కూతురి తల మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాం. పిల్లకేమో ఎందుకో తెలియదు, నవ్వుతూ నిలబడింది. బిడ్డ తల మీద పెట్టిన ఒట్టు అంటే ఏమిటో ఇక్కడ పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

గొడవ అక్కణ్ణుంచి రాలేదు. ఇంకో ఇంట్లో నాలుగేళ్ళ పాప, అక్క చదువుతుంటే బొమ్మలు చూసి, పండక్కి వచ్చిన సొంత మేనమామ ఎత్తుకోబోతే కెవ్వున అరిచి పారిపోయింది. పాపం ఆయన బట్టలూ బొమ్మలూ పట్టుకుని వాకిట్లో నిలబడిపోయాడట. ఆ ఇంటివాళ్ళకు కోపం వచ్చింది. వచ్చే కోపమే, నేను కాదనను. కానీ ఆ కోపం వాట్సాపు గ్రూపులకెక్కి, మేనమామలందరినీ అవమానించారనే దాకా వెళ్ళింది. కొందరు కుర్రాళ్ళు ఖండిస్తూ ఫ్లెక్సీ కట్టారు. మన దగ్గర పుట్టినరోజుకైనా చావుకైనా ఖండనకైనా ఫ్లెక్సీ లేనిదే ముద్ద దిగదు కదా. పిల్లల కంట పడకూడదని ఏ బొమ్మనైతే నిషేధించమన్నారో, సరిగ్గా ఆ బొమ్మనే నిలువెత్తు చేసి, ఎర్ర గీత అడ్డంగా కొట్టి, కింద తమ ఫోటోలన్నీ వరసగా వేసుకుని, బస్టాండు ఎదురుగా కట్టారు. పుస్తకం చూసింది ఏ కొద్దిమందో. ఫ్లెక్సీ చూడనివాడు లేడు.

బడి కరస్పాండెంటు చెల్లిని పిలిచి, "మీటింగు పెడుతున్నాం, మీ పెద్దవాళ్ళను తీసుకురండి" అన్నాడు. నలభై దగ్గర పడుతున్న టీచరును, హోంవర్కు చేయని పిల్లలా. నేను ఫోన్లో అంతెత్తున లేచాను. చెల్లి మాత్రం, "గొడవొద్దక్కా. అన్నయ్యను తీసుకురా. అన్నయ్య ఉంటే నాకు ధైర్యంగా ఉంటది" అంది.

వాడు మిల్లుకు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని మిర్యాలగూడ నుంచి నేరుగా కోదాడ వచ్చాడు. బస్సు దిగగానే ఎదురుగా ఫ్లెక్సీ. నేను సూర్యాపేట బస్సు దిగేసరికి వాడు దాని ముందు నిలబడి ఉన్నాడు. తల పైకెత్తి చూస్తున్నాడు. పక్కన చెరుకురసం బండి దగ్గర ఇద్దరు ఫ్లెక్సీనీ వాడినీ మార్చి మార్చి చూస్తున్నారు. "అక్కా, గిది నేనే గద" అన్నాడు. నేను కాదన్నాను. వాడు ముందుకు నడిచాడు.

మీటింగులో మాట్లాడినవాళ్ళంతా మూర్ఖులని రాస్తే నాకు సులువే గానీ అది అబద్ధం. రిటైరైన ఒక ఆఫీసరు, "పుస్తకమైతే చదివినవాడికే ఎక్కుతుంది, బొమ్మ చదువు రాని పసిపిల్లకు కూడా ఎక్కుతుంది. మందు సీసా మీద పిల్లలకు అందకుండా ఉంచమని రాస్తాం కదా, దీని మీద ఎందుకు రాయలేదు" అని అడిగాడు. పిల్లల ఫోన్లు లాక్కుని వాటిలో తిరిగే బొమ్మల కథలు చూసి వణికిపోయినదాన్ని నేను. ఏ వయసుకు ఏదన్న విచక్షణ ఉండాలనే అంటాను. ఒక కాలేజీ లెక్చరరు, "టీవీల్లో సీరియళ్ళను ఏం చేద్దాం మరి" అన్నాడు. ఆయన్ని కూర్చోబెట్టేశారు. ఇకమీదట ఊళ్ళో బడులకు వచ్చే బొమ్మల పుస్తకాలన్నీ ముందుగా ఒక కమిటీ చూడాలన్నారు. కమిటీలో ఎవరుంటారని అడిగితే లేచిన చేతులన్నీ మేనమామలవే. ఆడవాళ్ళు వెనక బెంచీల్లో కొంగులు కప్పుకుని కూర్చున్నారు.

అప్పుడు వెనక నుంచి ఒకామె లేచింది. మాతో ఒట్టు పెట్టించుకున్న ఆ పిల్ల తల్లి.

చెప్పేస్తుందేమో, మా చెల్లి ఈ గొడవలోంచి బయటపడుతుందేమో అనుకున్నాను. ఆ క్షణంలో నాకు ఆ పిల్ల గుర్తు రాలేదు, మా చెల్లే కనిపించింది. ఆమె మైకు పట్టుకుని, "మా ఇళ్ళల్లో ఇట్లాంటివి లేవండి. మా అన్నదమ్ములు మాకు దేవుళ్ళు. ఇట్లాంటి పుస్తకం మా పిల్లలకు ఇవ్వడం తప్పండి. ఆపెయ్యండి" అంది. చప్పట్లు కొట్టారు. ఆమె మైకును రెండు చేతులా బిగించి పట్టుకుంటే అది కోపమని అందరూ అనుకున్నారు. నేను కుర్చీలోంచి లేవబోయాను. చెల్లి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "కూర్చో అక్కా. వాళ్ళింటి మీదికి ఎవరి చూపూ పోకూడదని అట్ల అంటోంది. అననీ" అంది మెల్లిగా. ఆమె వైపు చూసి తల కూడా ఊపింది.

కరస్పాండెంటు చెల్లిని ఏమైనా చెప్పుకుంటారా అని అడిగాడు. ఈ పుస్తకం వల్ల ఒక బిడ్డ బయటపడిందని ఒక్క మాట అంటే చాలు. అది అన్నాక రెండు రోజుల్లో ఆ బిడ్డ ఎవరో ఊరంతా లెక్క తీస్తుంది. చెల్లి లేచి నిలబడి, "నేను చెప్పేదేం లేదు సార్" అని కూర్చుంది. ఆమె మౌనాన్ని ఒక్కొక్కరు ఒక్కోలా తీసుకున్నారు. మా తమ్ముడు ఎలా తీసుకున్నాడో వాడి ముఖం చూస్తే తెలిసింది.

పుస్తకాలు మూటగట్టి తీసుకెళ్ళారు. చెల్లిని మర్నాటి నుంచి రావద్దన్నారు. ముగ్గురం బస్టాండు దాకా నడిచాం. ఫ్లెక్సీకి వీపు పెట్టి తమ్ముడు చెల్లిని అడిగాడు.

"నా మీద ఏసినవా?"

"లేదన్నయ్యా. నీ ముఖం వచ్చిందని నాకు తెలియనే తెలియదు. నీ మీద ఒట్టు."

"మరెవని మీద ఏసినవ్?"

ఆమె కొంగు సర్దుకుని బస్సులు వచ్చే వైపు చూసింది.

"ఎవని మీద గాకపోతే గింత లొల్లి ఎందుకే? సరే, ఇడిసిపెట్టు. గా బొమ్మ తప్పైందని ఒక్క మాట అను. అందరి ముంగట గాదు, నాకొక్కనికి అను. నేను అన్నీ మర్సిపోత."

"ముఖం నీదైనందుకు నీ కాళ్ళు పట్టుకుంటానన్నయ్యా. బొమ్మ తప్పని మాత్రం అనలేను."

వాడు మిర్యాలగూడ బస్సెక్కాడు. కిటికీ పక్కన కూర్చుని కూడా ఇటు తిరగలేదు. చెల్లి ఆ బస్సు కనుమరుగయ్యేదాకా నిలబడి, రోడ్డు మీదే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. నా బిడ్డ తల మీద పెట్టిన చెయ్యి గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవడం నాకెంత కష్టమో మా స్టాఫ్‌రూములో ఎవరినడిగినా చెబుతారు.

ఫ్లెక్సీ ఫోటో మిర్యాలగూడ చేరడానికి ఎంతసేపు. మిల్లులో హమాలీలు మొదట నవ్వులాటకు, "బొమ్మల్లకెక్కినవట గదనే" అన్నారు. వాడూ నవ్వాడు. ఒకరోజు పక్కింటి పాపకు చాక్లెట్ ఇవ్వబోతే ఆ తల్లి వచ్చి, ఏమీ అనకుండా, పాపను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. ఏమైనా అని ఉంటే వాడు తట్టుకునేవాడేమో. వాడి భార్య, మా మరదలు, ఫోన్ చేసి, "మీసం తీసేసిండు వదినా, చూడలేకపోతున్న" అని ఏడ్చింది. మిల్లులో అందరూ ఎవరు పోయారని అడిగారట. ఎవరూ పోలేదని వాడు చెబుతూ తిరిగాడు.

తర్వాతి ఏడాది నా కూతురికి ఓణీల ఫంక్షన్ చేశాం. మేనమామ బట్టలు తెచ్చి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పీట మీద కూర్చోబెట్టాలి. వాడు బట్టలు తెచ్చాడు, పూలదండ తెచ్చాడు, ఏ లోటూ చేయలేదు. పిల్ల ముస్తాబై గది బయటికి వచ్చి చెయ్యి చాపింది. వాడు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, "నువ్వు నడువు బిడ్డా, నేను నీ ఎన్క వస్త" అన్నాడు. పిల్ల నా వైపు చూసింది. పంతులు తొందర పెట్టాడు. నేను నవ్వు మొహం పెట్టి, "సిగ్గుపడుతున్నడు మీ మామ" అన్నాను. దండ మరదలే వేసింది. చెల్లి ఆడవాళ్ళ మధ్య కూర్చుని అంతా చూసింది. అన్నాచెల్లెళ్ళు ఆ రోజు ఒక్క మాట మాట్లాడుకోలేదు. వాడు భోజనం చేయకుండానే వెళ్ళిపోయాడు.

ఇదంతా ఇప్పుడు రాయగలుగుతున్నానంటే ఆ కుటుంబం జిల్లా వదిలి దూరం వెళ్ళిపోయింది కనుకే. ఆ పిల్ల బాగా చదువుతోంది. మొన్న ఎండాకాలంలో ఆ తల్లే ఫోన్ చేసింది. మా ఇంట్లో సంగతులు ఆమె చెవిన ఎలా పడ్డాయో పడ్డాయి. "మా మూలంగా మీ అన్నాచెల్లెళ్ళు విడిపోయారంట మేడమ్. మీ తమ్ముడికి చెప్పెయ్యండి. ఒట్టు తీసేస్తున్నాను" అంది. నేను మర్నాడే మిర్యాలగూడ బస్సెక్కాను. ఒక్కసారి నిజం తెలిస్తే అంతా సర్దుకుంటుందని, ముగ్గురం కలిసి తినొచ్చని, దారి పొడుగునా అనుకుంటూనే ఉన్నాను. పెరుగు డబ్బా కూడా పట్టుకెళ్ళాను, వాడికి నా చేతి పెరుగు ఇష్టం.

మిల్లు గేటు పక్క బెంచీ మీద కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. ఆ పిల్ల, ఆ తల్లి, మా ఒట్టు, మీటింగులో చెల్లి ఎందుకు నోరు విప్పలేదో. వాడు తువ్వాలుతో ముఖం మీది ఊకదుమ్ము తుడుచుకుంటూ విన్నాడు. లారీ ఒకటి వెనక్కి వచ్చి ఆగింది, సూపర్‌వైజరు పిలిచాడు, వస్తున్నానని చెయ్యి ఊపాడు.

"మంచి పని జేసింది అక్కా" అన్నాడు. "గా బిడ్డ బతికింది. దానికి నేను కోపం ఉంచుకుంటనా? నా చెల్లె మంచి పనే జేసిందని చెప్పు."

నాకు ఏడుపొచ్చింది. "అయితే నువ్వే ఫోన్ చెయ్యరా. ఆదివారం ఇంటికి రా. దాన్నీ పిలుస్త" అన్నాను.

వాడు తన అరచేతుల వైపు చూసుకున్నాడు. "నేనొస్తే నీ బిడ్డ ఉరికొస్తది. నా చేతులు ఎనక్కి పోతయి. నేను చేస్తలేనక్కా, అవే పోతున్నయి. ఏ పిల్ల దగ్గరికొచ్చినా గంతే. గిది నిజం తెలిస్తే పొయ్యేది గాదు" అన్నాడు. పెరుగు డబ్బా తీసుకుని లారీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

చెల్లి ఇప్పుడు కోదాడలోనే శుభలేఖలు డిజైన్ చేసే షాపులో పనిచేస్తోంది. వినాయకులూ కలశాలూ పూలతీగలూ వేస్తుంది, మనుషులను వేయదు. బస్టాండు నుంచే ఆమెకు ఫోన్ చేశాను. అన్నయ్యకు అంతా చెప్పానని, మంచి పని చేశావన్నాడని చెప్పాను. అవతల ఆమె ఏడుస్తూనే నవ్వింది. అన్ని రోజుల తర్వాత ఆ నవ్వు విని నేను ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను.

"నిజంగా అన్నాడా? ఇంకేమన్నాడక్కా?" అని అడిగింది.

"గంతే అన్నడు. లారీ వచ్చింది, పోయిండు" అన్నాను.